గోడలో ఇరుక్కున్న తలుపు

హన్మకొండలో కొత్త ఫ్లాట్‌లో చేరిన వారానికే మా బాత్రూమ్ తలుపు మొరాయించింది. అది గోడలోకి జారిపోయే రకం. "నువ్వే జోరుగ గుంజి ఖరాబ్ జేసినవ్" అని మా ఆయన రోజూ నన్నే తిట్టేవారు.

మా ఆడబిడ్డ వాళ్లు భోజనానికి వచ్చిన రోజు, నేను స్నానానికి వెళ్లాక తలుపు పూర్తిగా బిగుసుకుపోయింది. తడి జుట్టుతో గంటసేపు లోపలే ఉన్నాను. "ఈమెకు తలుపు తీసుడు సుత రాదు" అని ఆయన అనడం, హాల్లో అందరూ నవ్వడం వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి వడ్రంగి వచ్చి, పైపట్టీ విప్పి తలుపును దించాడు. గోడ సందులోకి ఫోన్ లైటు వేసి చూశాడు.

"సార్, తలుపు మంచిగనే ఉన్నది. హాల్ల ఫోటోకు కొట్టిన మేకు ఇటు దిగింది. గదే పట్టేస్తాంది."

అది ఆఫీసులో మా ఆయనకు శాలువా కప్పినప్పటి ఫోటో. గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ ఎదురుగా కనబడాలని పెద్ద ఫ్రేము కట్టించి, ఆ బరువుకు ఆయనే అంత పొడుగు మేకు కొట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మేకు పీకితే అయిపోతది సార్" అన్నాడు వడ్రంగి.

"ఫోటో జోలికి పోకు. తలుపే తీసి పక్కకు వెట్టు, పరదా కడ్తం" అన్నారు మా ఆయన.

ఫోటో ఇంకా అక్కడే ఉంది. నేను మాత్రం స్నానం చేస్తున్నంతసేపూ ఒక చేత్తో ఆ పరదా అంచు పట్టుకునే ఉంటాను.