పిడికిట్లో జొన్నలు

నా చిన్నప్పుడు, మహమ్మద్‌నగర్ పక్కన మా ఊళ్లో, పక్షవాతానికి పావురం నెత్తురే మందు. కోసి, వేడి చల్లారకముందే పడిపోయిన చేతికీ కాలికీ రుద్దేవారు. మా తాతకు కుడి పక్క పడిపోయినప్పుడు మా చూరులో పావురాలు ఒక్కొక్కటే అలా పోయాయి. వాటికి రోజూ జొన్నలు చల్లి సాకింది తాతే. మందు పనిచేయకపోతే తప్పు మందుది కాదట, పావురం ముసలిదట. తాత పిడికిలి బిగుసుకుపోయింది, మాట ముద్దయిపోయింది. ఎప్పుడు చూసినా గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ గదిలో నెత్తురు వాసనకు నేను లోపలికి వెళ్లేదాన్నే కాదు.

చివరికి ఒక్క పావురం మిగిలింది. బాపు దాన్ని పట్టి తెచ్చిన పొద్దున తాత మంచం మీంచి అరిచాడు. "ఇడ్సిపెట్టు కొడుకా. అన్ని పాయె, నా చెయ్యి రాకపాయె. గిదన్న బతకనీ." జబ్బు పడ్డాక ఆయన మాట మాకు అర్థమైంది ఆ రోజే. బాపు దాన్ని వదిలేసి, బయట కూర్చుని ఏడ్చాడు.

తాత నన్ను పిలిచి ఆ పిడికిట్లో జొన్నలు పెట్టమన్నాడు. వేళ్లు విప్పి పెట్టాను. సాయంత్రానికి పావురం వచ్చి ఎదురుగా నిలబడింది. తాతకు చెమటలు పట్టాయి కానీ పిడికిలి తెరుచుకోలేదు. నేను చల్లబోతే, "నేనే ఎయ్యాలె బిడ్డా" అన్నాడు. అప్పటినుంచి రోజూ అదే తంతు. వానలు పోయి చలి వచ్చాక ఒక పొద్దున వేళ్లు కాస్త విచ్చుకుని కొన్ని గింజలు జారి కింద పడ్డాయి.

ఊరు మాత్రం అదంతా నెత్తురు మహిమే అంది. పక్షవాతం వచ్చినవాళ్ల తరఫున పావురం కోసం మా ఇంటికి వచ్చేవారు. తాత పావురాన్ని ఇవ్వలేదు. కాలు ఈడ్చుకుంటూ, జొన్నల మూటతో తనే వాళ్ల ఇండ్లకు వెళ్లి జబ్బు మనిషి పిడికిట్లో గింజలు పెట్టేవాడు, నేను తోడు. కొందరి చెయ్యి కదిలింది, చాలామందికి కదలలేదు. పెద్దకొడప్‌గల్‌లో ఒక అవ్వ మేం వెళ్లేసరికే పోయింది, ఆ రోజు తాత అన్నం ముట్టలేదు. ఆయన చెయ్యి కూడా మళ్లీ అన్నం కలిపేంత బాగుపడలేదు.

పోయినేడు ఎల్లారెడ్డిలో నాకూ ఎడమ పక్క పడిపోయింది. ఇప్పుడు దవాఖానలున్నాయి, సూదులున్నాయి. గోడవైపు తిరిగి పడుకోవడం మాత్రం మారలేదు. నేనూ పడుకున్నాను. తాత గుర్తొచ్చి, కొంగున జొన్నలు కట్టుకుని లేచాను.

పక్కింట్లో ఆటో నడిపే అబ్బాయికి ఇదే జబ్బు, ఇంకా పెళ్లి కూడా కాలేదు. రోజూ కర్ర పట్టుకుని వెళ్లి అతని పిడికిట్లో జొన్నలు పెడతాను. నా మొహం చూడడు. నిన్న కోపం పట్టలేక, ఆ చేత్తోనే గింజలు నా మీదికి విసిరాడు. "పో అవ్వా, ఇంక రాకు" అన్నాడు. వాళ్లమ్మ సిగ్గుపడి, నన్ను బతిమాలుతూ గింజలు ఏరసాగింది. విప్పారి ఉన్న అతని వేళ్లు ఆమెకు చూపించి, ఆ గింజలే మళ్లీ కొంగున కట్టుకున్నాను.