ఒక్క తీరుగా ఉడకని బియ్యం

నా చిన్నప్పుడు మా నాయన యూనివర్సిటీ హాస్టల్లో వంట చేసేవాడు. ఒక ఎండాకాలం పోయాడు. నేను ఏడవలేదు. ఏడుపు రాలేదంతే. హాస్టల్ వెనక గదిలో అమ్మా నేనూ మిగిలాం. జీతం ఆగిపోయింది.

మా చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటు. పూటపూటకూ వండే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తారు. ఆదివారం తార్నాక చర్చికి తీసుకుపోయి అందరూ ఒకే బట్ట మీద గుమ్మరిస్తారు. నాయన పోయాక కూడా అమ్మ అది ఆపలేదు. ఆ పిడికెడు నా కంచంలోంచే పోతున్నదని నాకు తెలుసు. ఆకలేసేది. కోపం మాత్రం రాలేదు. గోడకు ఆనుకొని ఆ డబ్బానే చూస్తూ కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాస్టరమ్మ మూట చంకన పెట్టుకొని మా గదికి వచ్చింది. చర్చిలో గుమ్మరించిన బియ్యమే అది. అమ్మ ముట్టుకోలేదు.

"గా బియ్యం దేవునిది. మాకొద్దమ్మా."

"దేవునిదే. తండ్రి లేని పిల్లలకు పెట్టుమని ఆయనే చెప్పిండు. జీతమొచ్చేటోళ్లు దశమభాగం ఇస్తరు, రానోళ్లు తింటరు. నీకేమొస్తున్నదని ఇస్తున్నవ్? పిల్ల కడుపు మాడ్చి తెచ్చింది ఆయనకు గొంతు దిగుతదా?"

అమ్మ మూట విప్పి పొయ్యి వెలిగించింది. బియ్యం కడిగే ముందు మళ్లీ ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసింది.

"ఏందే, మళ్ల తీస్తున్నవ్?"

"ఇప్పుడొచ్చింది కదమ్మా."

పాస్టరమ్మ నవ్వింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

అది ఇంటింటి బియ్యం. దొడ్డువీ, సన్నవీ, నూకలూ కలిసిపోయాయి. కొన్ని మెతుకులు ముద్దయ్యాయి, కొన్ని పలుకుగానే ఉన్నాయి. ఒక పలుకు మెతుకు పంటి కింద పడితే, ఇది ఎవరింటిదో అనుకున్నాను. నాయన పోయాక నేనంటూ ఏదైనా అనుకోవడం అదే మొదలు.

అక్షరాలు నాకు పిల్లలు పుట్టాక వచ్చాయి. తండ్రి లేని పిల్లలకు పెట్టుమన్న ఆ వాక్యం బైబిల్లో వెతికి, వేలు పెట్టి చదువుకున్నాను. పాస్టరమ్మ అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు తార్నాకలోనే కొడుకు దగ్గర ఉంటున్నాను. జీతం లేదు, పింఛను లేదు. మొన్న మనవరాలు, "నానమ్మా, డాడీ ఇచ్చే పాకెట్ మనీలో కూడా దశమభాగం ఇయ్యాల్నా?" అని అడిగింది. సండే స్కూల్లో ఎవరో భయపెట్టినట్టున్నారు.

"అది నీ సంపాదన కాదు, నీకు బాకీ లేదు. ఇయ్యబుద్ధయితే ఇయ్యి. ఎవరన్నా గదమాయిస్తే నా దగ్గరికి తోలు."

"మరి నువ్వెందుకు బియ్యం తీస్తున్నవ్?"

కోడలు బియ్యం కడిగే ముందు నా పిడికెడు నేను తీస్తూనే ఉన్నాను. అది ఏ పిల్ల పంటి కిందనో పలుకుగా తగిలితే చాలు.