తాన్ షూ పంపిన పందొమ్మిది

మా తరగతిలో నలభై రెండు మందిమి. అందరి మనసులూ కనిపెట్టుకుని ఉండే లీడరు పదవి నాకు అంటగట్టారు. ఎవరూ ముందుకు రాకపోయేసరికి, ఆ రోజు క్లాసు ఎగ్గొట్టిన నా పేరు రాసేశారు. పనేమీ పెద్దది కాదు. ఏడాదికి రెండుసార్లు ఫోన్లో ఆరు ప్రశ్నలొస్తాయి: ఈ నెలలో ఎన్నిసార్లు దిగులేసింది, ఎందుకూ పనికిరానని ఎన్నిసార్లు అనిపించింది, ఇలాంటివి. మధ్యాహ్నం పన్నెండులోపు అందరిచేతా నింపించి, మొత్తం మార్కులు కనబడే చివరి పేజీని గ్రూపులో పెట్టించాలి. పదమూడు దాటితే మా ఛూ టీచర్ పిలిపిస్తారు, ఇంటికి ఫోన్ చేస్తారు. అందుకని అందరూ ‘ఎప్పుడూ లేదు’ అనే నొక్కుతారు. నేనూ అంతే. ఈ లాన్‌జో ఊళ్లోనే పెరిగిన నాకే చలికి ఏడుపొచ్చిన నెలలో కూడా నా దిగులు సున్నాయే.

హాస్టల్లో తాన్ షూది నా పక్క మంచం. ఎక్కడో దక్షిణాన గ్వాంగ్షీ నుంచి వచ్చాడు. గదిలో మిగతా ఐదుగురం ఈ చుట్టుపక్కల వాళ్లమే. మా యాసలో జోకులేసుకుంటే వాడికి సగం అర్థమయ్యేది కాదు, అందరికన్నా ఆలస్యంగా నవ్వేవాడు. తర్వాత అదీ మానేశాడు. పొద్దున్నే బీఫ్ నూడుల్స్ కొట్టుకి మేం గుంపుగా వెళ్తుంటే వాడు దుప్పట్లోనే ఉండేవాడు. పిలిస్తే వచ్చేవాడేమో. మొదటి నెల పిలిచాం.

ఆ నవంబరులో, పదకొండున్నరకి వాడి పేజీ వచ్చింది. గ్రూపుకి కాదు, నాకు. పందొమ్మిది!

భయమేసింది. వాడి గురించి కాదు, అబద్ధమెందుకు, తరగతి పేరు పోతుందని. పరుగున వెళ్లి లైబ్రరీ మెట్ల మీద పట్టుకున్నాను.

“ఏంట్రా ఇది? బుర్రుందా నీకు? మీ అమ్మకి ఫోన్ చేస్తారు!”

“నిజంగా చేస్తారా?”

“సాయంత్రంలోపే. ఛూ టీచర్ నిన్ను గదిలో కూర్చోబెట్టి గంటసేపు అడుగుతూనే ఉంటారు.”

“గంటా?” అన్నాడు.

“అవున్రా బాబూ! ఇంకా టైముంది, మళ్లీ నింపు. అన్నిటికీ మొదటిదే నొక్కు.”

వాడు ఫోన్ తీశాడు. “సరే లీడరూ,” అని నా ముందే నొక్కాడు. సున్నా. భుజం తట్టి, గండం గడిచిందనుకుంటూ వచ్చేశాను. పన్నెండింటికల్లా నలభై రెండుకి నలభై రెండూ చేరాయి. ఛూ టీచర్ గ్రూపులో నాకొక గులాబీ బొమ్మ పెట్టారు.

మూడు వారాలకి వాడు చదువుకి ఏడాది సెలవు రాసిచ్చాడు. నిద్ర లేదట, తిండి లేదట. పక్క మంచం మీదే ఉండి నాకది ఆఫీసు గుమాస్తా చెబితే తెలిసింది. స్టేషన్ దాకా పెట్టె నేనే మోశాను. గేటు దగ్గర ఉక్రోషం ఆగలేదు.

“ఇంత కష్టపడుతూ ఒక్క మాట చెప్పలేదేంట్రా?”

వాడు నా చేతిలోంచి పెట్టె తీసుకున్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

“చెప్పాను కదరా. గ్రూపులో పెట్టకుండా నీ ఒక్కడికే పంపాను.”