ఏకాదశి నాడు కోసిన కాయలు

మా ఇళ్ళలో ఆడపిల్లకి అక్షరం చెబితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందనేవారు. పుట్టింట్లో అందుకే ఎవరూ నా చేతికి పలక ఇవ్వలేదు. అత్తవారింట అడిగే ధైర్యం లేకపోయింది. ఆయన పోయాక ఇక భయపడవలసిన ఆయుష్షు ఏదీ మిగల్లేదు గనక, తల నెరిశాక, మా తోడికోడలి మనవరాలి దగ్గర కూర్చుని దిద్దుకున్నాను. ఆ పిల్ల రాజమహేంద్రవరం ఆడపిల్లల బడిలో చదివింది. నా ఒత్తులు ఇప్పటికీ తనే సరిచేస్తుంది. ఇది కూడా ముందు తనే చదువుతుంది. చదవనీ. వాళ్ళ నాయనమ్మ బతికుండగా రాయగలిగి ఉంటే, ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించేదాన్ని.

ఆ తోడికోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఊరు చూపించింది ఆవిడే. కాలువ నీళ్ళు వచ్చాక గట్టు పొడుగునా తోటలు లేచాయి. ఏ తోటలో వంకాయ లేతది, ఏ గానుగలో నువ్వుల నూనె కల్తీ లేనిది, లాకుల దగ్గర దుకాణంలో జీళ్ళు ఏ పూట తాజాగా ఉంటాయి, అన్నీ నన్ను వెంటబెట్టుకుని తిప్పి చెప్పింది. మామిడితోటలో ఏ కాయకైనా ముక్క కోసి నా నోట్లో పెట్టి, "చెప్పు, ఇది ఊరగాయకా, పండుకా?" అని పరీక్ష పెట్టేది. తప్పు చెబితే నెత్తిమీద మొట్టేది. పుట్టింట్లో అక్కచెల్లెళ్ళు లేనిదాన్ని. ఆ మొట్టికాయలు నాకు ముద్దుగా ఉండేవి.

మా ఇంట్లో ఏడాదికి సరిపడా ఆవకాయ ఒక్క చెయ్యే కలపాలి. పది చేతులు పడితే నిలవదని నమ్మకం. ఆ చెయ్యి అత్తగారిది. ఆవిడకి చెయ్యి వణకడం మొదలయ్యాక ఒక వేసవిలో అందరి ముందూ, "ఈ ఏడు చిన్నది కలుపుతుంది. నిలిస్తే ఇక మీదట దానిదే," అన్నారు. అక్కకి నలుగురు పిల్లలు. నాకు లేరు. పిల్లలు లేని కోడలికి ఆ ఇంట్లో ఇది నాది అనుకునే పని ఒక్కటీ లేదు. ఆ మాట విని నేను దొడ్లోకి వెళ్ళి ఏడ్చాను, సంతోషంతో.

కాయలకి వెళ్ళే రోజు అక్కే కుదిర్చింది. "ఏకాదశి మంచి రోజే. పొద్దున్నే కోయించి ఆ పూటే కలిపేద్దువుగాని." ఆ రోజు నాకు ఉపవాసం. పచ్చి ముక్కయినా నోట పెట్టకూడదు. ఆ మాటే అంటే నవ్వింది. "నా నోరు లేదుటే? నీ బదులు నేను కొరుకుతాను."

తోటలో కళ్ళం పక్కన చెట్టు కాయ కోయించి కొరికింది. ఒక కన్ను మూసి, భుజాలు ఎగరేసి, "అబ్బా! పళ్ళు జివ్వుమన్నాయే!" అంది. చూస్తున్న నాకే నోరూరింది. ఆ చెట్టు కాయలే బుట్టలకి ఎత్తించాను. మధ్యాహ్నానికి తుడిచి, కొట్టించి, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె అన్నీ నా చేత్తో పట్టించాను. మూడోనాడు తిరగకలిపినప్పుడు పులుపు చాలదనిపించింది. "ఊరితే అదే దిగుతుంది లేవే," అంది అక్క. దిగుతుందనుకున్నాను.

ఆషాఢం రాకముందే జాడీలు పొంగాయి. ముక్క మెత్తబడి వేలికి జారిపోయింది, పైన బూజు కట్టింది. చూడడానికి వచ్చిన అమ్మలక్కల్లో ఒకావిడ, "గొడ్రాలి చెయ్యి కదమ్మా," అని నాకు వినపడేలాగే అంది. అక్క నా వీపు నిమిరింది. "పోనీలేవే, అందరి చెయ్యీ ఒకలా ఉంటుందా?" తన పుట్టింటికని విడిగా కలిపిన జాడీలు ఇంట్లోకి దింపింది. వాటిలో ముక్క ఎర్రగా, గట్టిగా ఉంది. అందరూ అదే తిన్నారు. నేనూ తిన్నాను.

శ్రావణంలో అత్తగారు కోరుకొండ స్వామికి అరటిగెల మొక్కుకున్నారు. అక్క బయట చేరడంతో తోటలో గెల చెప్పి రావడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. తోటమాలి భార్య గట్టు మీదే ఎదురొచ్చింది.

"ఏంటండీ చిన్నమ్మగారూ, జోడెడ్లలో ఒకటే వచ్చింది?" అని నవ్వి, "పులుపు తినబుద్ధవుతోందా అండి ఇప్పుడైనా?" అంది.

"నేనెప్పుడు తిననన్నాను?"

"పెద్దమ్మగారే చెప్పారు కదండీ! ఏకాదశి ముందురోజు ఒక్కరే వచ్చి, రేపు కళ్ళం పక్క చెట్టే కొయ్యాలన్నారండి. అదేంటమ్మా, అది పండుకాయ, ఊరగాయకి నిలవదు అన్నానండి. మా చెల్లెలికి పులుపు పడదు, నువ్వు నోర్మూసుకో అన్నారు. ఆరి పుట్టింటి కాయ మాత్రం ఆ మూల పులుపు చెట్టుదేనండి."

గెల సంగతి ఏం చెప్పానో గుర్తులేదు. ఇంటికి వచ్చేసరికి అక్క దొడ్డి వసారాలో ఎడంగా కూర్చుని ఉంది. "గెల చెప్పొచ్చావుటే?" అంది హుషారుగా.

"ఏకాదశి ముందురోజు తోటకి వెళ్ళావా అక్కా?"

ఆవిడ నా వైపు చూడలేదు. అరుగు మీద వత్తులు చేసుకుంటున్న అత్తగారి వైపు చూసింది. అప్పుడు నేనూ అటే తిరిగాను.

"ద్వాదశి పొద్దున్న ముక్క నోట్లో వేసుకోగానే తెలిసిందే," అన్నారు అత్తగారు, వత్తి నలుపుతూనే. "ఊరగాయ కాయ, పండు కాయ నాకు తెలీవుటే?"

"మరి చెప్పలేదేంటండీ? అమ్మలక్కలు నన్ను గొడ్రాలి చెయ్యి అన్నప్పుడైనా?"

"చెబితే అది పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతుంది. ఇల్లు రెండవుతుంది." ఇంకో వత్తికి దూది తీసుకుంటూ, "నువ్వెక్కడికి పోతావు?" అన్నారు.

అక్క చేసిన దానికి కోపం వచ్చింది. ఈ మాటకి కోపం కూడా రాలేదు. ఇన్నేళ్ళూ కూతురిలా చూస్తున్నారనుకున్నాను. వెళ్ళడానికి చోటు లేనిదాన్నని లెక్కవేసుకున్నారు, అంతే. ఆ పూట వడ్డనలో ఎవరికేం వేశానో తెలియదు.

మర్నాడు తెల్లవారగానే తోటకి వెళ్ళి కొంగునిండా నిమ్మకాయలు తెచ్చుకున్నాను. ఇద్దరికీ కనపడేలా దొడ్డి వాకిలి నడుమ కత్తిపీట వేసుకుని తరిగాను. ఉప్పూ పసుపూ నేనే పట్టించాను.

"ఒక్క ఇంట్లో రెండు ఊరగాయలేంటే?" అన్నారు అత్తగారు.

"ఇది నాదండి," అన్నాను.

చిన్న జాడీకి ఎత్తి, వాసెన కట్టి, వంటింటి అటక ఎక్కించకుండా నా గదిలోకి తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టుకున్నాను.