యాంటెనా మీద రేకు బకెట్

1998 జూలై 14, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. గొడుగు కమ్మీ బాగుచేసుకుని మాదాపూర్ ఆఫీసుకు వెళ్లాను.

మా కంప్యూటర్లన్నిటికీ ఒకే టైము అందించే పెట్టె ఒకటుంది. మేడమీది యాంటెనాతో ఉపగ్రహాల నుంచి టైము తీసుకుంటుంది. పట్టుబట్టి కొనిపించింది నేనే. రెండు రోజులుగా టైము తప్పుతోంది. సాయంత్రంలోగా బాగుపడకపోతే వాపసు పంపేస్తామని, ఇక నా మాట మీద ఏదీ కొనబోమని మేనేజరుగారు చెప్పేశారు.

పెట్టెలోకి లాగిన్ అయి, నిన్నటి నుంచి రాయిస్తున్న లాగ్ తెరిచాను. వాన మొదలైన ప్రతిసారీ అందే ఉపగ్రహాలు సున్నా. వాన ఆగిన కాసేపటికి మళ్లీ మామూలే. అనుమానం వచ్చి మేడెక్కాను. యాంటెనా మీద రేకు బకెట్ బోర్లించి ఉంది!

వాచ్‌మన్ యాదగిరి పరుగున వచ్చాడు. "తియ్యకుండ్రి సార్, తడుస్తది!"

"అది వానలో ఉండేదే యాదగిరీ."

"గట్లనా? మరి ఎవ్వరన్న చెప్పాలె గద. కొత్త సామాను, ఖరాబైతదని వాన పడ్డప్పుడల్ల ఉరికొస్తున్న."

కోపం రాలేదు. ఆ పెట్టె గురించి దిగులుపడేది నేనొక్కణ్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. బకెట్ తీశాక టైము సరిపోయింది. మేనేజరుగారికి "యాంటెనాకు ఏదో అడ్డొచ్చింది, తీసేశాను" అని మాత్రం చెప్పాను.

మీకు తెలియకుండా మీ వస్తువు మీద బకెట్ బోర్లించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాయండి.

వచ్చేటప్పుడు గొడుగు యాదగిరికే ఇచ్చి, తడుస్తూ ఇల్లు చేరాను. చొక్కా ఆరేశాను. స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది.