దుప్పుల కోసం పోసిన దిబ్బ

పోయిన నెల మా పెదనాన్న కన్నుమూశారు. నరసరావుపేటలో నేను బడికి బయలుదేరుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాన్న పోయారే" అని, "ఇక్కడ వాన పడతాంది" అంది. వాన పడితే ఆయన ఇంట్లో ఉండరని మా ఇద్దరికీ తెలుసు.

మాచర్ల అవతల, అడవి అంచున, వాగు పక్కన ఆయనకు నాలుగెకరాల చెట్ల భూమి ఉంది. వాగు పొంగినప్పుడల్లా మునిగేది. ఒక ఏడు వరద తీశాక, సర్కారు తుమ్మ కంపలో చిక్కుకుని చనిపోయిన దుప్పిపిల్ల కనిపించింది. ఎప్పుడూ మిరప ధరలు మాట్లాడే మనిషి ఆ పూట అన్నం ముట్టలేదట.

ఆ వేసవిలోనే తుమ్మ కొట్టించారు. రేగు, నేరేడు చెట్ల జోలికి పోనివ్వలేదు. కంప పోయిన చోట గడ్డి లేచింది. వరదొస్తే దుప్పులు ఎక్కి నిలబడటానికని మధ్యలో ట్రాక్టర్లతో మట్టి తోలించి ఎత్తుగా దిబ్బ పోయించారు. ఊళ్ళో నవ్వారు. పక్క చేను ఆయన, వరసకు నాకు మామయ్య, మాత్రం తగువుకొచ్చాడు. దుప్పులు తన కందిని మేసేస్తున్నాయన్నాడు.

"ఇక్కడ కడుపు నిండితే నీ చేలోకి ఎందుకొస్తయి బావా? రెండేళ్ళు ఓపిక పట్టు" అన్నారు పెదనాన్న. కొట్టిన తుమ్మ కంపతోనే ఆ చేను చుట్టూ తానే కంచె వేశారు.

పెదనాన్న దుప్పులకు ఏనాడూ చేత్తో మేత పెట్టలేదు. ఎందుకని అడిగితే, "మనుషుల్ని నమ్మటం నేర్చుకుంటయి. అప్పుడింక బతకవమ్మా" అన్నారు.

తర్వాత పెద్ద వరద వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. గట్టు మీద నుంచి చూస్తే చుట్టూ ఎర్రటి నీళ్ళు. దిబ్బ మీద దుప్పులు ఒకదాన్నొకటి ఆనుకుని తడుస్తున్నాయి. ఫోటో తీద్దామని కదలబోతే పెదనాన్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. మామయ్య కూడా మా పక్కనే ఉన్నాడు. తన తల మీది గోనెపట్టా తీసి ఆయన భుజాల మీద కప్పాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు పెద్దమ్మ నన్ను తోడు తీసుకుని అక్కడికి వచ్చింది. ఆమె అక్కడికి రావటం అదే మొదటిసారి. నేరేడు కింద ఒక తల్లి దుప్పి, పిల్ల మేస్తున్నాయి.

"ఏనాడన్నా నన్ను తీసకరాకపోయె" అంది మెల్లగా.

తల్లి దుప్పి తలెత్తి చెవులు నిక్కించింది. పెద్దమ్మ గబుక్కున చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవి మళ్ళీ గడ్డిలోకి తలలు వంచాయి. ఆమె అలాగే, చప్పుడు బయటికి రాకుండా, చానాసేపు ఏడ్చింది.