నవ్వితేనే హాజరు

ఇది రక్తం గడ్డకట్టించే మహాగాథ. కాదులెండి, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే ప్యాసింజరు బండిలో జరిగిన నాలుగు మాటలు.

ఎదుటి సీట్లో నలభై ఏళ్లావిడ నా వైపు పళ్లన్నీ కనబడేలా నవ్వింది. జుట్టు సవరించుకున్నాను. మరుక్షణం స్విచ్ ఆపినట్టు ఆ నవ్వు ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. అప్పుడు చూశాను, ఆవిడ నవ్వుతున్నది చేతిలోని ఫోను కెమెరాకి.

"ఏంటక్కా, సెల్ఫీనా?"

"ప్రాక్టీసు తమ్ముడూ. మా ఆఫీసులో ఫోనుకి మొహం చూపిస్తేనే హాజరు. మొదటిరోజు ఫోటో తీస్తుంటే ఎవరో జోకేశారు, నవ్వేశాను. ఇప్పుడు నవ్వితేనే అది నేనని ఫోను ఒప్పుకుంటుంది. లేదంటే ఆ రోజు రానట్టే."

"మళ్లీ తీయమని అడగలేదా?"

"అడిగా. పైనుంచి ఆర్డరు రావాలంట."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మా ఆయన పోయాక, కార్యక్రమాలయ్యి ఆఫీసుకెళితే ఫోను నన్ను గుర్తుపట్టలా. పాపం, అందరూ చుట్టూ చేరి జోకులేశారు. ఏడుస్తూనే నవ్వా, హాజరు పడింది. ఇప్పుడు జోకులక్కర్లేదు, దానంతటదే వస్తోంది. నిద్రలో కూడా నవ్వుతున్నానని మా పాప నా పక్కన పడుకోవడం మానేసింది."

నేనింకా ఉద్యోగం వెతుక్కుంటున్నానని విని, రేపల్లెలో దిగుతూ, "నీకు ఉద్యోగమొస్తే ఫోటోరోజు నవ్వమాక" అంది. అలా అంటున్నప్పుడు ఆవిడ మొహం నవ్వుతూనే ఉంది.

ఈమధ్య నాకు బాపట్లలో ఉద్యోగం వచ్చింది. ఫోటోరోజు పక్కవాళ్లు ఎన్ని జోకులేసినా కిటికీ పక్కన పళ్లు బిగించి కూర్చున్నాను. ఇప్పుడు మా ఆఫీసు యాప్ ఆ కిటికీ వెలుగులో నిలబడితేనే నన్ను గుర్తుపడుతుంది.